కుండడు అంబలి

చాలా ఏళ్లుగా నేనొక మాట మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. రోజూ అందరం అనే మాటే. ఒక సాయంత్రం, ఒక కొండ మీద, వాన మొదలయ్యే ముందు ఒక మనిషి నన్నొక ప్రశ్న అడిగింది. దానికి జవాబుగా ఆ మాట అన్నాను. అన్నది నేను. దాని కింద నలిగింది ఆమె. అందుకే నా బరువు, నా బరువు అని చెప్పుకోవాలన్నా సిగ్గుగానే ఉంది.

మా ఆయనకు ఈ సంగతి తెలియదు. మా అమ్మ ఇది తెలియకుండానే పోయింది. చెప్పాలని నోటిదాకా వచ్చిన సందర్భాలున్నాయి. ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీ ముందు నోరు పెగులుతోంది. చివరిదాకా వినండి. విన్నాక నన్నేమనుకున్నా సరే.

నేను పుట్టింది బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో. ఇంట్లో ఎప్పుడూ పాడి ఉండేది. ఇంటర్ తర్వాత పశువైద్యంలో డిప్లొమా చేశాను. డాక్టర్ని కాను. డాక్టరు చెప్పిన సూదులు వేయడం, కట్లు కట్టడం, ఈనే ఆవుకు సాయం చేయడం, అంతవరకే నా చదువు. ప్రభుత్వ ఉద్యోగం రాలేదు. అరకు లోయలో గిరిజన కుటుంబాలకు పాడి ఆవులిచ్చే ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. లోయలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దున్నే ఏదో ఒక జీపెక్కి కొండ మీది ఊళ్లకు వెళ్లడం, సాయంత్రానికి దిగిపోవడం. పైన అందరూ నన్ను డాక్టరమ్మా అని పిలిచేవారు. మొదట్లో కాదని చెప్పేదాన్ని. తర్వాత చెప్పడం మానేశాను. ఆ పిలుపు బాగుండేది.

సొంబారి నాకంటే కొంచెం పెద్దది. ఇది ఆమె అసలు పేరు కాదు. ఆ కొండల్లో ఈ పేరున్న ఆడవాళ్లు లెక్కలేనంతమంది ఉన్నారు కాబట్టి ఇది వాడుతున్నాను. భర్త గాసి, ముసలి అత్త, ఆశ్రమ పాఠశాలలో చదువుకునే కూతురు, ఇదీ కుటుంబం. కొంచెం కాఫీ తోట ఉండేది. కాఫీకి నీడగా సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు, ఏటవాలులో చోడి, అంటే రాగి చేను. మిరియాలు కోస్తూ గాసి చెట్టు మీంచి పడ్డాడు. కాలు అతికింది కానీ వంకరగా అతికింది. కర్ర లేకుండా నడవలేడు, బరువెత్తలేడు. ఆ ఏడాది కాఫీ పండు సగం నేల రాలిపోయింది. కోసే చేతులు చాల్లేదు. నేను మొదటిసారి వెళ్లేసరికి రెండు పూటలా ఆ ఇంట్లో చోడి అంబలే. కూతుర్ని బడి మాన్పించి పనికి పంపాలని గాసి ఆలోచిస్తున్నాడు.

ఆ ఇంటికి ఆవునివ్వాలని పట్టుబట్టింది నేనే. మా సంస్థ పెద్దాయన ఒప్పుకోలేదు. కుంటివాడు, ముసలామె ఉన్న ఇంట్లో జెర్సీ ఆవును ఎవరు సాకుతారన్నాడు. సొంబారి సాకుతుందన్నాను. ఆమె మీద నాకెందుకంత నమ్మకం కలిగింది? నేను మాట్లాడుతున్నంతసేపూ నా మొహం కాకుండా నా చేతులు చూసింది. ఏదైనా నేర్చుకునేవాళ్లు అలా చూస్తారు.

అసలు అడ్డు అత్తగారి దగ్గర వచ్చింది. వాళ్లలో పాలు పితికే అలవాటు పాతది కాదు. ఆవులుంటాయి, దున్నడానికీ పేడకీ. పాలు మాత్రం దూడవి. ముసలామెకు తెలుగు కొద్దిగానే వచ్చు. తన బాసలో గాసితో చాలాసేపు మాట్లాడింది. గాసి నాకు ముక్తసరిగా చెప్పాడు, దూడ నోటి దగ్గరది లాక్కుని అమ్ముకోవడం మా అమ్మకిష్టం లేదని. నేను చాలా ఓపిగ్గా నచ్చజెప్పాను. ఈ రకం ఆవు దూడకు కావలసినదానికంటే ఎంతో ఎక్కువ ఇస్తుందని, తీయకపోతే పొదుగు పాడవుతుందని. అది నిజమే. చివరికి ఆమె ఒక షరతు పెట్టింది, ఒక చన్ను పూర్తిగా దూడకు వదిలేయాలని. ఒప్పుకున్నాం. నేనక్కడ ఉన్నంతకాలం ఆ షరతు ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆవును కింద మైదానం నుంచి వ్యానులో తెచ్చాం. ఎర్రది, దూడతో సహా. సొంబారి దానితో తెలుగులోనే మాట్లాడేది. ఇంట్లో అందరితో తమ బాస, ఆవుతో మాత్రం తెలుగు. ఎందుకని అడిగితే, కింద దేశం ఆవు కదా, దీనికి మా బాస రాదు అంది. వేళాకోళం కాదు, నిజంగానే అంది. పాలు తీయడం నేర్పేటప్పుడు ఆమె వెనకాల కూర్చుని, నా చేతులు ఆమె చేతుల మీద పెట్టి నేర్పాను. మొదటిసారి ధార గిన్నెలో పడి చప్పుడైనప్పుడు భయపడి చేయి వెనక్కి తీసుకుంది. తర్వాత మళ్లీ పెట్టింది.

కొంతకాలం అంతా బాగా జరిగింది. పాలు జీపులో లోయకు దిగి టీ హోటళ్లకూ, యాత్రికులు దిగే లాడ్జీలకూ వెళ్లేవి. గాసి కూర్చుని చేసే పనులన్నీ తన మీద వేసుకున్నాడు. గడ్డి నరకడం, తాళ్లు పేనడం, దూడను చూడటం. గట్ల మీద పశుగ్రాసం నాటారు. ఇంటి మీద కొత్త రేకులు పడ్డాయి. కూతురు బడిలోనే ఉంది. అత్తగారు ఆ పాలు ఏనాడూ నోట పెట్టలేదు కానీ, సాయంత్రాలు కొట్టం ముందు కూర్చుని ఆవు నెమరువేయడం చూస్తూ ఉండేది. మా సంస్థకు ఎవరొచ్చినా ముందు ఆ ఇల్లే చూపించేవాళ్లం. నేను దగ్గరుండి చూపించేదాన్ని. ఈ ఇంటికి నేను కూతుర్లాంటిదాన్నని వచ్చినవాళ్లకు చెప్పేదాన్ని. ఆ మాట సొంబారి ముందే అనేదాన్ని. ఆమె నవ్వేది.

మరుసటి చూలుకు ఆవు ఆడదూడను వేసింది. వానాకాలం అప్పుడే మొదలైంది. ఈనిన మర్నాడు మధ్యాహ్నం ఆ ఊరివాళ్లెవరో సిగ్నల్ అందే రాతి గుట్ట ఎక్కి నాకు ఫోన్ చేశారు. సొంబారి ఆవు పడిపోయింది, లేవడం లేదు, బేగి రావాలన్నారు. డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన వేరే మండలంలో క్యాంపులో ఉన్నారు. లక్షణాలు విని, పాలజ్వరంలా ఉంది, కాల్షియం ఎక్కించు, నెమ్మదిగా ఎక్కించు, గుండె మీద చేయి తీయకు, అనుమానం వస్తే ఆపెయ్, పొద్దున్నే నేనొస్తాను అన్నారు. ఆయన కళ్లెదుట ఆ పని చేశాను. ఒంటరిగా ఎప్పుడూ చేయలేదు. అయినా చేయడం రాక కాదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నాకు రాక కాదు.

మిరియాల మూటల కోసం పైకి వెళ్తున్న జీపు దొరికింది. తిరిగి దిగేది కూడా అదొక్కటే. డ్రైవరు ముందే చెప్పాడు, వాన పట్టిందంటే దారి జారుడవుతుంది, మూటలు ఎక్కగానే కదిలిపోతానని.

ఆవు పక్కకు పడి ఉంది. మెడ వెనక్కి తిప్పి పొట్ట మీద ఆనించుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. సొంబారి దాని వీపు మీద గోనెసంచి కప్పి పక్కనే కూర్చుంది, ఏదో మాట్లాడుతూ, తెలుగులోనే. అనుమానం లేదు, అది పాలజ్వరమే. సరిగా చేస్తే చాలా ఆవులు ఆ మందుతోనే లేచి నిలబడతాయి. నేను చూశాను. చచ్చినట్టు పడి ఉన్న ఆవు కాసేపటికి లేచి గడ్డి అందుకోవడం నా కళ్లతో చూశాను.

మెడ నరానికి సూది పెట్టాను. సీసా గాసి చేతికిచ్చాను. అతను ఒక చేత్తో కర్ర మీద ఆనుకుని రెండో చేత్తో సీసా పట్టుకున్నాడు. సీసా ఎంత ఎత్తులో ఉంటే మందు అంత వేగంగా దిగుతుంది. మొదట ఛాతీ ఎత్తులో పట్టుకోమన్నాను. నా చేయి ఆవు గుండె మీద పెట్టాను. అంతా సరిగానే మొదలుపెట్టాను.

అప్పుడు జీపు హారన్ వినపడింది.

ఇక్కడ నేను చాలా జాగ్రత్తగా రాయాలి. సాకులు చొరబడే చోటు ఇదే. మా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేక కాదు. మర్నాడు ముఖ్యమైన పనేదో ఉండి కాదు. జీపు తప్పితే ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకోవాలి. అది నాకిష్టం లేదు. మట్టి నేల, పొగ, కొట్టం వాసన, బయటికి వెళ్లాలంటే వానలో జలగలు. నేను కూతుర్లాంటిదాన్నని చెప్పుకున్న ఇంట్లో ఒక్క రాత్రి గడపడం నాకిష్టం లేక, ఇంకాస్త పైకెత్తు గాసీ, అన్నాను. నాకంటే పెద్దవాడు. అయినా పేరు పెట్టే పిలిచేదాన్ని. అతను ఎత్తాడు. రెండోసారి హారన్ మోగింది. ఇంకా పైకి, అన్నాను. అతను కర్ర వదిలేసి, కొట్టం గుంజకు ఆనుకుని, చేయి పూర్తిగా పైకి చాపాడు. నేను గుండె మీంచి చేయి తీసి నా సంచి సర్దుకోవడం మొదలుపెట్టాను.

ఆవు తల ఎత్తింది. లేస్తోందనుకుని సొంబారి మొహం వెలిగింది. నాకు తెలిసింది. మందు వేగంగా దిగి గుండెను పట్టేసిందని ఆ క్షణంలోనే తెలిసింది. సూది లాగేశాను. అప్పటికే ఆవు ఒళ్లంతా వణుకు. ఒక్క అరుపు అరిచి కాళ్లు బిగదీసుకుంది. అంతే. గుండె మీద చేయి పెట్టాను, తీసేసిన చోటే. ఏమీ లేదు.

ఎవరూ ఏడవలేదు. దూడ ఒక్కటే అరుస్తోంది. సొంబారి ఆవు నోటి దగ్గర నురగ తన పైటతో తుడిచింది. తర్వాత నా వైపు చూసింది. ఆమె కళ్లల్లో అనుమానం లేదు. నేనంటే భయం ఉంది. తప్పు చేసిన పిల్ల టీచరు వైపు చూసినట్టు చూసింది.

"అమ్మా, నిన్న సందేల అంబలి పోసినాను. ఈనింది కదా, నీరసంగుంటాదని. నువ్వు ఎక్కువ పోయొద్దన్నావు, నానే ఇనలేదు. కుండడు పోసీసినాను. అందుకేనా?"

నిజమే, మీటింగుల్లో నేను చెప్పేదాన్ని. అంబలీ గింజలూ మితిమీరి పెడితే కడుపు చెడి ఆవు పడిపోతుందని. ఆమె పోసిన కుండడుకు ఆవు చావదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ ప్రశ్నకు ఎన్ని జవాబులున్నాయి? కాదు, అనొచ్చు. తెలియదు, అనొచ్చు. పొద్దున డాక్టరు వచ్చి చూస్తారు, అనొచ్చు. ఏమీ అనకుండా ఊరుకున్నా సరిపోయేది.

"అవును, సొంబారీ. ఎక్కువైపోయింది," అన్నాను.

ఎందుకన్నాను? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నది ఇదొక్కటే. ఆవు చావడం పొరపాటు అనుకుంటాను కాసేపు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, డాక్టర్లకూ జరుగుతుంది, ఆ రోజే చెప్పుకుని ఉంటే నన్ను తిట్టేవాళ్లు, మహా అయితే ఉద్యోగంలోంచి తీసేసేవాళ్లు, అంతటితో అయిపోయేది. కానీ ఆ మాట పొరపాటు కాదు. ఆమె దారి చూపించింది, నేను ఆ దారిన పారిపోయాను. భయంతోనా? భయమే అయితే మర్నాడు తగ్గాలి కదా? మర్నాడు వెళ్లి చెప్పాలి కదా?

అత్తగారు గాసిని ఏదో అడిగింది. గాసి నేనన్నది వాళ్ల బాసలోకి మార్చి చెప్పాడు. నా అబద్ధం ఇంకో భాషలోకి వెళ్లడం నేను నిలబడి చూశాను. దూడ పలుపు సొంబారి చేతిలో ఉంటే, ముసలామె వచ్చి, ఆ పలుపు తన చేతిలోకి తీసుకుంది.

నేను జీపెక్కి దిగిపోయాను. అవును, ఆ జీపు నాకు అందింది.

మర్నాడు డాక్టరుకు అంబలి కథే చెప్పాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, ఇంకేమీ అడగలేదు. సంస్థలో పెద్దాయనకూ అదే చెప్పాను. ఒకసారి చెప్పాక రెండోసారి సులువైంది. మూడోసారి ఇంకా సులువు.

దూడ బతికింది. ముసలామె దాన్ని బతికించింది. సొంబారిని మాత్రం కొట్టంలోకి రానివ్వలేదు. కోడల్ని తిట్టలేదు, కొట్టలేదు. మాట్లాడటం మానేసింది. గాసి కూడా ఇంట్లో ఏమీ అనలేదట. కానీ సంతలో కల్లు తాగినప్పుడు, నా ఆవును నా పెళ్లామే చంపుకుందని అందరికీ చెప్పుకుని ఏడ్చాడట. ఊళ్లో ఎవరైనా పశువుకు కుడితి కాస్త ఎక్కువ పోయబోతే, సొంబారిలా పోసేవు సుమా అనడం అలవాటైంది. ద్వేషంతో కాదు, మాట వరసకే. మాట వరసకు అన్నదే ఎక్కువకాలం నిలబడుతుంది.

ఇంతకంటే పెద్ద పాపం ఇంకొకటి ఉంది. సంస్థవాళ్లు ఆవులు తీసుకునే కొత్త కుటుంబాలకు శిక్షణ పెట్టేవారు. చెప్పేది నేనే. మేత గురించి చెప్పే రోజున, ఆ అంబలి సంగతి చెప్పు, జనానికి బాగా ఎక్కుతుంది అన్నారు పెద్దాయన. చెప్పాను. ఒక ఊళ్లో ఒకామె, ఎంతో ప్రేమతోనే, అని మొదలుపెట్టి చెప్పేదాన్ని. జనం చ్ చ్ అనేవారు. ఒకసారి అలా చెబుతుండగా చివర్న గోడ వారగా సొంబారి కనపడింది. ఎవరో చుట్టాలామెకు తోడుగా వచ్చింది. నేను ఆపలేదు. ఆపితే ఎందుకు ఆపానని అడుగుతారని పూర్తి చేశాను. ఆమె తల వంచుకుని విని, చివర్లో అందరితోపాటు లేచి భోజనానికి వెళ్లింది. పళ్లెంలో అన్నం మాత్రమే పెట్టించుకుంది. అంబలి తాగడం మానేసిందని ఆ చుట్టాలామె నాతో చెప్పింది. ఆ కొండల్లో అంబలి తాగకుండా ఎలా బతుకుతారు? ఎండలో పనికి వెళ్లేవాళ్లకు అదే నీళ్లు, అదే తిండి.

ఆ ఇంటికి రెండో ఆవు ఇప్పించాలని చాలా పట్టుబట్టాను. నాకు తెలుసు, అది సాయం కాదు, నోరు మూసుకునే హక్కు కొనుక్కోవడం. ఇవ్వడానికి ఒప్పుకున్నారు కూడా. సొంబారే వద్దంది. నా చేత్తో ఇంకొకటి చావకూడదు, ఇంకెవరికైనా ఇవ్వండి అంది. ఆ ఆవు పక్కింటివాళ్లకు వెళ్లింది. వాళ్లు నిలదొక్కుకున్నారు. తర్వాత ఆ ఊళ్లో చాలా ఇళ్లకు పాడి వచ్చింది. మా సంస్థ ఇచ్చిన మొదటి ఆవును కట్టింది సొంబారి గుమ్మంలోనని ఎవరికీ గుర్తు లేదు. సొంబారి ఇంట్లో కొట్టం ఒరిగిపోయింది. ముసలామె పెంచిన దూడ పెద్దదై చూలు కట్టగానే, వాటా మీద పెంచుకోమని ఎవరికో పాలికిచ్చేశారు. కూతురు బడి మధ్యలో మానేసి, విశాఖ దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. గాసి హైదరాబాదులో ఏదో కట్టడం దగ్గర వాచ్‌మన్‌గా ఉంటానని వెళ్లి, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు మిగిలారు. ఇద్దరూ మాట్లాడుకోరు. ముసలామె అలాగే పోయింది.

నేను పెళ్లి చేసుకుని కిందికి వచ్చేశాను. పశువుల పని మానేశాను. ఎందుకు మానేశావని అడిగితే నడుం నొప్పి అని చెప్పేదాన్ని. మా ఆయనది పుస్తకాలూ పెన్నులూ అమ్మే కొట్టు. నేనూ అందులో కూర్చుంటాను. కొండల్లో సేవ చేసిన మనిషినని మా వీధిలో నాకు గౌరవం.

పోయిన చలికాలం మా ఆయన తరఫు చుట్టాలు అరకు చూడాలన్నారు. కారు మాట్లాడుకుని వెళ్లాం. లోయ కనపడే మలుపు దగ్గర ఆపితే, రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్లలోంచి ఒకామె లేచి, డాక్టరమ్మా, అంటూ వచ్చింది. జుట్టు నెరిసింది. ముందు పళ్లు రెండు లేవు. నా రెండు చేతులూ పట్టుకుంది. పక్కన కూర్చున్న పడుచుపిల్లను పిలిచి, నాకు పాలు తీయడం నేర్పింది ఈమేనే అని గొప్పగా చెప్పింది. మా చుట్టాలు ముచ్చటగా చూస్తున్నారు. ఆమె వాళ్ల వైపు తిరిగి, ఈమె మంచి ఆవునే ఇచ్చింది, నానే సాకలేకపోయినాను అంది. నవ్వుతూ అంది. నలుగురిలో నన్ను కాపాడుతున్నట్టు అంది.

కారులో అందరూ ఆమె మంచితనం గురించి మాట్లాడుకున్నారు. నాకు వాంతి వచ్చింది. ఘాట్ రోడ్డు పడలేదనుకున్నారు.

కొన్ని వారాల తర్వాత, సరుకు తేవడానికి విశాఖ వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, ఒక్కదాన్నే కొండకు వెళ్లాను. ఇప్పుడు ఊరిదాకా సిమెంటు రోడ్డుంది. సొంబారి ఇంటి ముందు టార్పాలిన్ మీద మిరియాలు ఎండబెట్టి చేత్తో తిరగేస్తోంది. గాసి తిరిగొచ్చేశాడు. పెరటి వైపు ఎండలో మంచం వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి దండం పెట్టాడు. నేను సొంబారి పక్కన నేల మీద కూర్చున్నాను. దారి పొడవునా కూర్చుకున్న వాక్యాలేవీ గుర్తుకు రాలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పాను. అంబలి వల్ల కాదు. నేను మందు తొందరగా ఎక్కించాను. జీపు కోసం. నాకు అప్పుడే తెలుసు. తెలిసే నీ మీదకు తోశాను.

ఆమె చేయి ఆగలేదు. మిరియాలు తిరగేస్తూనే ఉంది. వినలేదేమోననుకుని మళ్లీ మొదలుపెట్టబోయాను.

"ఇన్నాను," అంది.

మిరియాల్లోంచి ఒక పుల్ల ఏరి పడేసి, "మా అత్తకి సెప్పవలిసింది," అంది. ఇంకాసేపటికి చేయి ఆగింది. నా వైపు చూడకుండా అడిగింది.

"సీసా ఎవలు పట్టుకున్నారు?"

ఇన్నేళ్లలో ఈ సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. "గాసి," అన్నాను. "నేనే పైకెత్తమన్నాను. అతనికి తెలియదు."

ఆమె పెరటి వైపు చూసింది. గాసి మంచం మీద వాలి, ఎండకు కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఆయనకి సెప్పకు," అంది. గొంతులో బతిమాలడం లేదు. "నువ్వు సెప్పీసి దిగిపోతావు. ఆయన ఇక్కడే ఉండాల. నానెలాగూ మోసేసినాను. ఆయన మొయ్యలేడు."

నేనేదో అనబోయాను. క్షమించమని కాబోలు. ఆమె నా మాట అందుకోలేదు. గాసి లేచి కూర్చుని, మేడంకు టీ పెట్టవే అని కేక వేశాడు. పనుందట, ఎల్లిపోతాది, అంది సొంబారి, గుప్పెడు మిరియాలు తీసి అందులో రాళ్లేరుతూ. నేను లేచాను. ఆమె లేవలేదు.

ఆమె నన్ను క్షమించలేదు. క్షమించమని అడిగే అర్హత నాకుందనీ అనుకోను. నేను చెప్పడం వల్ల ఆమెకు ఏం ఒరిగింది? తన తప్పు లేదని తెలిసింది. అది ఎవరికీ చెప్పుకోకుండా ఉండాలనీ ఆమే నిర్ణయించుకుంది. ఊరి నోట్లో ఆమె పేరు అలాగే ఉంటుంది. పడుకున్న భర్త పక్కన, సీసా ఎత్తిన ఆ చేతిని చూస్తూ, ఇప్పుడిక తెలిసి మోయాలి. నా గుండె తేలికపరుచుకోవడానికి వెళ్లి ఆమె మీద ఇంకొకటి పెట్టి వచ్చానా? అదీ నాకు తెలియడం లేదు. నేను మాత్రం ఆ రోజు బస్సులో, ఇన్నేళ్లలో మొదటిసారి, కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. అది కూడా ఒప్పుకోవాలి.

గాసికి చెప్పవద్దంది. ఊళ్లో చెబితే గాసికి చెప్పినట్టే. ఇక నాకు మిగిలింది ఇదొక్కటే, ఊరి పేరు లేకుండా, మా ఎవరి అసలు పేర్లూ లేకుండా, ముక్కూ మొహం తెలియని మీకు చెప్పడం. నేను ఎన్నో శిక్షణల్లో ఎంతోమందికి చెప్పిన ఆ కథ ఎక్కడైనా మీ చెవిన పడి ఉండొచ్చు, ఒక ఊళ్లో ఒకామె ప్రేమతో ఆవును చంపుకుందని. అది అబద్ధం. ఆమె ఆ ఆవును చక్కగా సాకింది. చంపింది నేను.